చేసుకున్నవాడికి చేసుకున్నంతేనా? కాలేయ మార్పిడిలో అలవాట్ల లెక్క

(ఒక గ్రంథాలయ వార్షిక సభలో విశ్రాంత ఉదరకోశ వైద్యుడు చేసిన ప్రసంగం)

సభాధ్యక్షులకు, పెద్దలకు, వెనక వరుసల్లో కూర్చున్న వైద్య విద్యార్థులకు నమస్కారం.

“చేసుకున్నవాడికి చేసుకున్నంత మహదేవా” అనే సామెతను నేను మొదట మా నాయనమ్మ నోట విన్నాను. ఆ తరువాత వృత్తిలోకి వచ్చాక వార్డుల్లో, వరండాల్లో, రోగి మంచం పక్కన నిలబడ్డ బంధువుల నోట, ఒక్కోసారి డ్యూటీ గదిలో తోటి వైద్యుల నోట కూడా ఎన్నిసార్లు విన్నానో లెక్క లేదు. పొట్ట నిండా నీరు పట్టి, కళ్లు పసుపు కొమ్ముల్లా మారి, రక్తపు వాంతులతో వచ్చిన మనిషి ఇరవై ఏళ్లుగా తాగుతున్నాడని తెలిసిన క్షణాన ఆ మాట దానంతటదే వచ్చేస్తుంది. నేనూ అనుకున్నాను, కాదనను. అయితే మనసులో అనుకోవడం వేరు, దాన్ని ఆసుపత్రి నియమంగా రాసుకోవడం వేరు. తన అలవాట్ల వల్లే జబ్బు తెచ్చుకున్నాడని మనం నమ్మే రోగిని చికిత్స వరుసలో వెనక్కి నెట్టవచ్చునా అన్నదే ఈ సాయంత్రం నాకు ఇచ్చిన ప్రశ్న. దీన్ని గాలిలో చర్చించడం కంటే నాకు తెలిసిన కాలేయం దగ్గర చర్చించడం మేలని అనుకుంటున్నాను.

ముందుగా క్యాజువాలిటీ సంగతి చెప్పి పక్కన పెడతాను. నేను చిన్న డాక్టరుగా ఉన్నప్పుడు ఒక పండగ రాత్రి, తాగి బండి నడిపిన కుర్రవాణ్ణీ, అతను గుద్దేసిన పాదచారినీ ఒకే ఆటోలో తీసుకువచ్చారు. పాదచారికి కాలు విరిగింది. కుర్రవాడికి ప్లీహం చిట్లి లోపల రక్తం కారుతోంది. థియేటరులోకి ముందు వెళ్లింది కుర్రవాడే. పాదచారి అన్నగారు మమ్మల్ని నిలదీశాడు, ఆయన కోపంలో అన్యాయమేమీ లేదు. అయినా ఆ గదిలో ఉన్న ఒక్క వైద్యుడికి గానీ నర్సుకు గానీ వరుస మార్చాలన్న ఆలోచన రాలేదు. ఎవరి ప్రాణం ముందు పోయేలా ఉందో వాళ్లే ముందు. ఊపిరిలో ఏ వాసన వస్తోందన్నది రక్త పరీక్షకూ, పోలీసు కాగితానికీ మాత్రమే పనికివచ్చే సమాచారం.

అంత స్పష్టంగా కనిపించిన నియమం కాలేయ మార్పిడి దగ్గరికి వచ్చేసరికి ఎందుకు మసకబారుతుంది? క్యాజువాలిటీలో ఒకరికి ముందు చేస్తే మరొకరికి కొంత ఆలస్యం అవుతుంది, అంతే. కాలేయం అలా కాదు. బ్రెయిన్ డెడ్ అయిన ఒక వ్యక్తి కుటుంబం ఆ దుఃఖంలోనే సంతకం పెడితే వచ్చే ఒక కాలేయం ఒకరికి వెళ్లిందంటే మరొకరికి వెళ్లనట్టే. మన దేశంలో మరణానంతర అవయవదాతలు పది లక్షల జనాభాకు ఏడాదికి ఒక్కరు కూడా ఉండడం లేదు. 1994 అవయవ మార్పిడి చట్టం, ఉమ్మడి రాష్ట్రంలో 2013లో నిమ్స్ కేంద్రంగా మొదలైన జీవన్‌దాన్ అనే అవయవదాన పథకం వచ్చాక పరిస్థితి కొంత మెరుగైంది, తెలంగాణ ఈ విషయంలో దేశ సగటు కంటే చాలా ముందుంది కూడా. అయినా ఎదురుచూసేవారి సంఖ్యతో పోలిస్తే వచ్చే అవయవాలు తక్కువే. కొరత ఉన్నచోట ఎవరికి కాదనాలో ఎవరో ఒకరు చెప్పక తప్పదు, ఏదో ఒక కొలత వాడక తప్పదు.

అమెరికాలో 2002 నుంచి ఆ కొలతకు మెల్డ్ స్కోరు అని పేరు. రక్తంలో బిలిరుబిన్, క్రియాటినిన్, రక్తం గడ్డకట్టే తీరును చెప్పే ఐ.ఎన్.ఆర్. అనే మూడు అంకెల నుంచి మొదట దాన్ని కట్టారు. ఎక్కువ స్కోరంటే త్వరగా చనిపోయే ప్రమాదమున్నవాడు, కాబట్టి ముందు వరుసలోకి వస్తాడు. కాలేయం ఎందుకు చెడిందో ఆ లెక్క అడగదు. హెపటైటిస్ బి వల్ల చెడినా, పుట్టుకతో వచ్చిన లోపం వల్ల చెడినా, మద్యం వల్ల చెడినా అంకె అంకే. ఇది చూసి చాలామంది అలవాట్ల ప్రశ్న ఎప్పుడో తీరిపోయిందని అనుకుంటారు. వరుసలో నిలబడ్డవారి మధ్య తీరిపోయిన మాట నిజమే కానీ, ఆ వరుసలోకి ఎవరిని రానివ్వాలన్నది ప్రతి ఆసుపత్రిలోనూ ఒక గదిలో, ఒక బల్ల చుట్టూ కూర్చున్న కొద్దిమంది నిర్ణయిస్తారు. తాగుబోతుకు తలుపు మూసుకునేది ఆ గది దగ్గరే. ఆ గదిలో నేనూ కూర్చున్నాను కాబట్టి చెబుతున్నాను.

ఇలాంటి గదికి వైద్య చరిత్రలో ఒక పూర్వరూపం ఉంది. 1960లో సియాటెల్ నగరంలో బెల్డింగ్ స్క్రిబ్నర్ అనే వైద్యుడు రక్తనాళాలకు అమర్చి అలాగే ఉంచగలిగే షంట్ అనే గొట్టం తయారుచేసి, మూత్రపిండాలు పూర్తిగా చెడినవారికి పదే పదే డయాలసిస్ చేయడం సాధ్యమని చూపించాడు. యంత్రాలేమో కొన్నే, రోగులు మాత్రం ఎందరో. వైద్యపరంగా అర్హులైన వారిలో ఎవరిని ఎంచుకోవాలో నిర్ణయించే భారాన్ని ఏడుగురు సభ్యుల కమిటీకి అప్పగించారు, అందులో ఎక్కువమంది వైద్యులు కాని సాధారణ పౌరులే. వాళ్లు దుర్మార్గులేమీ కారు. ఉద్యోగం ఉందా, పిల్లలెందరు, చర్చికి వెళ్తాడా, సమాజానికి పనికివస్తాడా అని ఆలోచించారు. 1962లో లైఫ్ పత్రిక ఆ సంగతి బయటపెట్టినప్పుడు అమెరికా ఉలిక్కిపడింది. తమలాంటి వారినే తాము ఎంచుకుంటున్నామన్నది ఆ బల్ల దగ్గర కూర్చున్నవారికి కనిపించలేదు. పదేళ్ల తరువాత, 1972లో, ప్రభుత్వమే డయాలసిస్ ఖర్చు భరించేలా చట్టం వచ్చింది కాబట్టి ఆ కమిటీ అవసరం తీరింది. కాలేయానికి అలాంటి పరిష్కారం లేదు. డబ్బు పోసి యంత్రాలు కొనవచ్చు కానీ కాలేయాలను తయారుచేయలేము.

1980లలో అమెరికాలో మద్యం వల్ల సిర్రోసిస్, అంటే కాలేయం మచ్చలు కట్టి గట్టిపడే జబ్బు, వచ్చినవారికి మార్పిడి చేయడానికి చాలా కేంద్రాలు ముందుకు రాలేదు. మళ్లీ తాగుతారు, కొత్త కాలేయం కూడా పాడు చేస్తారు అన్నది కారణం. 1963లో మనిషికి మొట్టమొదటి కాలేయ మార్పిడి చేసిన థామస్ స్టార్జల్ బృందమే 1988లో తమ రోగుల ఫలితాలు ప్రచురించింది. మద్యం వల్ల జబ్బు వచ్చినవారు మార్పిడి తరువాత మిగతావారితో సమానంగానే బతుకుతున్నారని తేలింది. అప్పుడు వాదన రూపం మార్చుకుంది. 1991లో ఆల్విన్ మాస్, మార్క్ సీగ్లర్ అనే ఇద్దరు వైద్యులు, ఫలితాలు సమానమైనా సరే, తాగుడు అనే జబ్బుకు చికిత్స తీసుకునే అవకాశం ఉండి కూడా తీసుకోనివారికి, తమ తప్పేమీ లేకుండా జబ్బుపడిన వారి తరువాతే స్థానం ఇవ్వాలని రాశారు. లేకపోతే అవయవదానం మీద ప్రజలకు విశ్వాసం పోతుందని కూడా అన్నారు. అదే ఏడాది కార్ల్ కోహెన్ తదితరులు దానికి ఎదురు చెప్పారు: నీతిని బట్టి వరుస కడితే తాగుబోతు దగ్గర ఎందుకు ఆగాలి, మిగతా రోగుల నడవడిక ఎందుకు వెతకకూడదు, వెతికే అధికారం వైద్యులకు ఎవరిచ్చారు అని.

ప్రజా విశ్వాసం అనే మాటను నేను తేలిగ్గా కొట్టిపారేయను. ఫుట్‌బాల్ ఆటగాడు జార్జ్ బెస్ట్‌కు 2002లో లండన్‌లో ప్రభుత్వ ఆరోగ్య సేవ కింద కాలేయ మార్పిడి జరిగింది. ఆయన మళ్లీ తాగడం మొదలుపెట్టాడు, 2005 నవంబరులో చనిపోయాడు. ఆ మూడేళ్లూ బ్రిటన్ పత్రికల్లో వచ్చిన కోపం చూస్తే ఆ అవయవం ఇచ్చిన కుటుంబం స్థానంలో ప్రతి పాఠకుడూ తనను ఊహించుకున్నాడని అర్థమవుతుంది. కానీ ఒక్క ప్రసిద్ధుడి కథ వేలమంది రోగుల లెక్కను మింగేస్తుంది. మార్పిడి తరువాత తాగని వాళ్ల గురించి ఏ పత్రికా రాయదు.

ఈ రెండు వాదాల మధ్య ఆసుపత్రులు ఒక రాజీ కుదుర్చుకున్నాయి. అదే ఆరు నెలల నియమం. ఆరు నెలలు పూర్తిగా మానేసి వస్తే జాబితాలో చేరుస్తాం. దీనికి రెండు కారణాలు చెబుతారు. మొదటిది, మానేస్తే కొందరికి కాలేయం తనంతట తాను కోలుకుని మార్పిడే అవసరం లేకపోవచ్చు. ఇది నిఖార్సైన వైద్య కారణం, నా కళ్లతో చూసిన నిజం. రెండవది, ఆరు నెలలు మానగలిగినవాడు తరువాత కూడా మానగలడని. ఇందులో కొంత నిజముంది కానీ ఆరు అనే అంకెకు ప్రత్యేకమైన శాస్త్రీయ పునాది లేదు. మూడు నెలలు మానినా భార్య, పని, స్నేహితులు తోడున్నవాడు, ఏడాది మానినా ఒంటరిగా ఉండి మనోవ్యాధికి చికిత్స లేనివాడికంటే మళ్లీ తాగకుండా ఉండే అవకాశం ఎక్కువ.

ఈ నియమం అసలు రంగు తీవ్రమైన ఆల్కహాలిక్ హెపటైటిస్ దగ్గర బయటపడుతుంది. కాలేయం ఒక్కసారిగా వాచి, కామెర్లు ముదిరి, స్టెరాయిడ్లకు కూడా లొంగని ఈ రోగుల్లో ఎక్కువమంది ఆరు నెలలలోపే చనిపోతారు. అలాంటి మనిషితో “ఆరు నెలలు ఆగి రా” అనడం కాదనడమే. కాకపోతే కాదన్న పాపం మనకు అంటకుండా చెప్పడం. ఫ్రాన్స్, బెల్జియంలలో కొన్ని కేంద్రాలు కలిసి ఫిలిప్ మాథురిన్ ఆధ్వర్యంలో దీన్ని పరీక్షించి 2011లో ఫలితాలు ప్రచురించాయి. జబ్బు బయటపడటం అదే మొదటిసారి అయి, కుటుంబం గట్టిగా అండగా ఉండి, మానేస్తామని ఒప్పుకున్న 26 మందిని ఎంతో జాగ్రత్తగా ఎంచుకుని, ఆరు నెలలు ఆగకుండానే మార్పిడి చేశారు. వాళ్లలో ఆరు నెలల తరువాత బతికున్నవారు 77 శాతం. మార్పిడి జరగని, అదే స్థాయి జబ్బున్న రోగుల్లో 23 శాతం. ఆ 26 మందిలో తరువాత మళ్లీ తాగినవారు ముగ్గురు. అయితే ఈ లెక్క ఎంచుకున్న వారిది, అందరిదీ కాదు. దీన్ని చూపించి ఎవరికైనా చేయవచ్చని అనలేము. అనగలిగింది ఒక్కటే: మనిషిని చూడకుండా క్యాలెండరును చూసే నియమం బతకగలిగిన కొందరిని చంపుతోంది.

ఇక్కడ నేను రెండు ప్రశ్నలను విడదీస్తాను. “ఈ చికిత్స ఈ మనిషికి పనిచేస్తుందా, చేస్తే ఎంతకాలం?” అన్నది ఒకటి. “ఈ మనిషి ఈ చికిత్సకు యోగ్యుడా?” అన్నది రెండవది. మొదటిది ముందుకు చూస్తుంది, రెండవది వెనక్కి చూస్తుంది. మన చరక సంహితలో రెండూ ఉన్నాయి. చికిత్సకు నాలుగు పాదాలు చెబుతూ, వైద్యుడు చెప్పినట్టు నడుచుకోవడం రోగికి ఉండవలసిన గుణాల్లో ఒకటని అందులోని సూత్రస్థానం అనే భాగం అంటుంది. అది మొదటి ప్రశ్న. రాజుకు, పెద్దలకు గిట్టనివారికి, దుష్టమైన నడవడి ఉన్నవారికి మందు ఇవ్వవద్దని విమానస్థానం అనే మరో భాగంలో గురువు శిష్యుడికి చెబుతాడు, అది రెండవది. మనకు సంప్రదాయం కావాలంటే ఏ మాటను తీసుకోవాలో మనమే ఎంచుకోవాలి. వైద్యుడికి అడిగే హక్కు మొదటి ప్రశ్న మీదే ఉందని నా అభిప్రాయం. తాగుడు, పొగ, బరువు ఆ ప్రశ్నకు జవాబు మార్చినంతవరకే లెక్కలోకి రావాలి, అదీ ఆ ఒక్క రోగి విషయంలో సాక్ష్యం ఉన్నంతవరకే.

రెండవ ప్రశ్న మనకెందుకు చేతకాదంటే, “చేసుకున్నాడు” అన్న మాటలో ఎంత నిజముందో మనం కొలవలేము. చాలా ఏళ్లు బాగా తాగేవారిలో కూడా సిర్రోసిస్ దాకా వెళ్లేది కొద్దిమందే, అంటే ఒకే బల్ల దగ్గర, ఒకే సీసా పంచుకున్న స్నేహితుల్లో ఒకడికే కాలేయం పోతుంది. ఆ తేడాలో కొంత పీఎన్‌పీఎల్‌ఏ3 అనే జన్యువు రకం వల్ల వస్తుంది. తాగడం చేసుకున్నదే అనుకున్నా, ఆ జన్యువు చేసుకున్నది కాదు కదా. ఇక తాగడం మాత్రం గాలిలోంచి వచ్చిందా? 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా దుకాణాల మీదికి వెళ్లారు, 1993లో సారా, 1995లో మద్యం మొత్తం నిషేధమయ్యాయి, 1997లో నిషేధం ఎత్తేశారు. ఆ తరువాత ఊరూరా బెల్టు షాపులు ఎలా మొలిచాయో ఈ సభలో ఎవరికీ చెప్పనక్కరలేదు. మద్యం మీద వచ్చే ఆదాయం లేకుండా రెండు రాష్ట్రాల బడ్జెట్టూ నిలబడదు. ఒక చేత్తో అమ్మిన ప్రభుత్వమే మరో చేత్తో నడిపే ఆసుపత్రిలో, కొన్నందుకు నిన్ను వెనక్కి నెడతానంటే ఎలా ఉంటుందో ఆలోచించండి.

శ్రీకాకుళం, విశాఖ పల్లెల్లో నడివయసు, ముసలి ఆడవాళ్లు కొందరు చుట్టను నిప్పు అంచు నోటిలోపల పెట్టుకుని కాలుస్తారు. అడ్డపొగ అంటారు. అంగిలి క్యాన్సర్‌కు అది కారణమని మన వైద్యులు దశాబ్దాల క్రితమే చూపించారు. ఆ అలవాటు వాళ్లకు తల్లి నుంచి, అత్త నుంచి వచ్చింది. దాన్ని జీవనశైలి ఎంపిక అనడానికి నాకు నోరు రాదు. అక్కడికి కొంచెం పైన ఉద్దానంలో, కవిటి, సోంపేట, పలాస ప్రాంతాల్లో, వేలమందికి మూత్రపిండాలు ఎందుకు చెడుతున్నాయో ఎన్నో ఏళ్ల పరిశోధన తరువాత కూడా ఖాయంగా తేలలేదు. కారణం తెలియని చోట రోగిని తప్పుపట్టం, తెలిసిన చోట తప్పుపడతాం; తేలని కారణాలు మద్యం రోగిలోనూ ఉండవచ్చునన్న అనుమానం మాత్రం మనకు రాదు.

ఇంకో మాట కూడా చెప్పాలి, కొందరికి నచ్చకపోవచ్చు. మద్యం చుక్క ముట్టని ఇళ్ల నుంచి, కొవ్వు పట్టిన కాలేయంతో, సిర్రోసిస్‌తో వచ్చే రోగులు ఏటేటా పెరుగుతున్నారు. షుగరు, బరువు, కదలని ఉద్యోగం, పండగ పేరుతో నెల పొడవునా అరిసెలు. వాళ్లను ఆ బల్ల దగ్గర ఎవరూ ఆరు నెలల నియమం అడగరు. ఒక పాపం సారా వాసన వస్తుంది, మరొకటి నేతి వాసన వస్తుంది, అంతే తేడా.

ఇంగ్లండ్‌లో 2016లో వేల్ ఆఫ్ యార్క్ ఆరోగ్య నిధుల సంస్థ, అత్యవసరం కాని శస్త్రచికిత్సలను బాగా బరువున్నవారికి ఏడాది వరకు, పొగతాగేవారికి ఆరు నెలల వరకు వాయిదా వేస్తామని ప్రతిపాదించింది. శస్త్రచికిత్సకు కొన్ని వారాల ముందు పొగ మానేస్తే పుండు త్వరగా మానుతుంది, ఊపిరితిత్తుల ఇబ్బందులు తగ్గుతాయి. నేను నా రోగులకు చెప్పేదీ అదే. కానీ ఆ సంస్థ అప్పటికి తీవ్రమైన ఆర్థిక ఇబ్బందుల్లో ఉంది. మోకాలి నొప్పితో నడవలేనివాణ్ణి బరువు తగ్గి రమ్మనడం ఏ వైద్యపు లెక్క? మొదటి ప్రశ్న ముసుగు వేసుకుని వచ్చింది ఖర్చు లెక్క. ఇలాంటి ముసుగులు గుర్తుపట్టడానికి నేను ఒక్క పరీక్ష వాడతాను: మానడానికి సాయం చేసే ఏర్పాటు ఆ నియమంతో పాటే ఉందా, లేదా? సాయం లేకుండా షరతు ఒక్కటే ఉంటే అది చికిత్స కాదు.

ఇక మన గడ్డ మీది అసలు పరిస్థితి. ఇంతసేపూ నేను వరుస, వరుస అన్నాను కానీ మన దేశంలో జరిగే కాలేయ మార్పిడుల్లో అత్యధిక భాగం బతికున్న దాతలవే. దగ్గరి బంధువు తన కాలేయంలో కుడి భాగం, అంటే దాదాపు అరవై శాతం, కోసి ఇస్తాడు. “ఇస్తాడు” అన్నాను, దిద్దుకుంటాను: ఎక్కువగా ఇస్తుంది. మద్యంతో కాలేయం పోగొట్టుకున్న మగవాడికి దాతగా చాలాసార్లు భార్యే ముందుకు వస్తుంది. దాత మిగిలిన కాలేయం కొన్ని నెలల్లో తిరిగి పెరుగుతుంది, కానీ ఆ ఆపరేషనులో ప్రాణం పోయే ప్రమాదం తక్కువే అయినా సున్నా మాత్రం కాదు. ఇక్కడ వరుసలో వెనక ఎవరూ నష్టపోవడం లేదు కాబట్టి మాస్, సీగ్లర్ల వాదన వర్తించదు. అయితే కొరత పోలేదు, ఒక ఆడమనిషి ఒంట్లోకి మారింది. ఆమె విషయంలో మొదటి ప్రశ్న మరింత కఠినంగా అడగాలని నేను అనుకుంటాను. ఈయన మళ్లీ తాగితే పోయేది అపరిచితుడి దానం కాదు.

అందుకే దాతను ఒంటరిగా కూర్చోబెట్టి మాట్లాడతాం. వద్దనుకుంటే చెప్పు, కారణం మేము బయటపెట్టం, వైద్యపరంగా సరిపోలేదని మాత్రమే ఇంట్లో వాళ్లకు చెబుతాం అంటాం. అలా చెప్పడం అబద్ధమా అని విద్యార్థులు అడుగుతారు. నాకది ఆమెకు మిగిలిన ఒకే తలుపుగా కనిపించింది. చాలా ఏళ్ల క్రితం అలా కూర్చున్న ఒకామెను నేను అలవాటు ప్రకారం, మీ ఆయన పూర్తిగా మానేశారా, ఎన్ని నెలలైంది అని అడిగాను. ఆమె నెలలు చెప్పింది. చెప్పి, పెళ్లయిన రెండో ఏడాదే ఆయన్ను ఊళ్లో డాక్టరు దగ్గరికి తీసుకెళ్లానని, ఆ డాక్టరు “మానేయవయ్యా” అని కేకలేసి బి కాంప్లెక్స్ రాసి పంపించేశాడని అంది. తాగుడు మానడానికి సాయపడే మందులున్నాయి. కాలేయం దెబ్బతిన్నాక కూడా వాడదగిన బాక్లోఫెన్ మామూలు మందుల షాపులో దొరుకుతుంది. ఆ మాట ఆమెకు ఆ తరువాతి పద్దెనిమిదేళ్లలో ఒక్కరూ చెప్పలేదు. నేను అడగవలసిన ప్రశ్నలు ఇంకా మూడు నాలుగు ఉన్నాయి, కాగితం ముందే ఉంది. వాటిని పక్కన పెట్టి, ఇవ్వడం మీకు ఇష్టమేనా అని మాత్రం మళ్లీ అడిగాను. ఆలోచించుకుని రేపు చెబుతానంది. కమిటీలో ఆమె పేరు ఎదురుగా ఆ రోజుకు “నిర్ణయం వాయిదా” అని రాశాను.

ఇప్పుడు మీ ప్రశ్నలు వింటాను.